గేట్లు మూసిన రోజు నీళ్ళు

గుమ్మం దగ్గరున్న చెప్పుల జతలన్నీ ఒకే వరుసలోకి వచ్చేదాకా అతను వాటిని బొటనవేలితో నెడుతూనే ఉన్నాడు. ఒక చేతిలో కారియరు, ఇంకో చేతిలో గొడుగు, మెడలో ఆఫీసు కార్డు. బస్సుకు వేళవుతోందని తెలుసు. అయినా వంకరగా ఉన్నదాన్ని వంకరగా వదిలేసి వెళ్ళడం అతనికి పుట్టుకతోనే చేతకాదు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న మామగారు వీపు గోక్కుంటూ ఈ తతంగమంతా చూస్తున్నారు.

"చెప్పులు కూడా సర్దేశారా అల్లుడుగారూ? ఇక మిగిలింది నేనొక్కణ్ణే."

"మిమ్మల్నీ సర్దుతున్నాంగా మామయ్యగారూ. ఇవాళే ఆఖరు."

"ఊఁ. నా లెక్కా కొత్త లెక్కా చివరి అంకె దాకా కలవాలి సుమా. కలవకపోతే ఒక్క ఫోను చెయ్యండి. నేను వేసిన ముడి నాకే తెలుస్తుంది."

"కలుస్తాయి లెండి," అంటూ అతను మెట్లు దిగాడు. ఫోను చెయ్యండి అన్నమాట అప్పుడు సరిగా చెవిన పడనే లేదు.

మామగారు వీపు గోక్కునేది ఒక స్కేలుతో. దాని మీద అంగుళాలూ సెంటీమీటర్లూ ఉండవు, వరసగా గడులుంటాయి. ప్రోగ్రామును అట్టముక్కల మీద చిల్లులుగా పొడిచి మెషీనుకు తినిపించే కాలంలో, ఏ అక్షరం ఏ గడిలో పడిందో చూసుకోవడానికి ఆఫీసువాళ్ళిచ్చిన పసుపు ప్లాస్టిక్కు స్కేలు అది. డెబ్బై రెండో గడి దగ్గర ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత దాటాక నువ్వు ఏం రాసుకున్నా మెషీను చదవదు. రిటైరయిన రోజు ఆయన ఇంటికి తెచ్చుకున్నది శాలువా కాదు, ఈ స్కేలు. ఇప్పుడది వీపు గోకడానికి పనికొస్తుంది, ఈగలు తోలడానికి పనికొస్తుంది, పేపరు చదివేటప్పుడు వరుస తప్పకుండా అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది. గాలి వచ్చినప్పుడు కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దోపుతారు. ఆయన గుండెకు ఈ మధ్య వైద్యం జరిగింది గనక కుర్చీలోంచి లేవకుండా అయ్యే పనులన్నీ ఆ స్కేలుతోనే కానిస్తున్నారు.

అల్లుడి ఆఫీసు పేరు నీటి లెక్కల విభాగం. ఊరికి ఎగువన నదికి అడ్డంగా ఆనకట్ట ఉంది, దానికి గేట్లున్నాయి. ఏ రోజు ఎన్ని గేట్లు ఎంత ఎత్తారో చెబితే, కిందికి ఎన్ని నీళ్ళు వెళ్ళాయో లెక్క కట్టి చెప్పడం ఈ విభాగం పని. కట్టేది మనుషులు కాదు, ఒక ప్రోగ్రాం. దాన్ని రాసింది మామగారే. అప్పటికి ఆయన జుట్టంతా నల్లగా ఉండేది, కంప్యూటరుకు ఒక గదంతా కావలసి వచ్చేది, రాసే భాష ఫోర్ట్రాన్. తర్వాత కంప్యూటర్లు మారాయి, ఆ గది క్యాంటీను అయింది, మామగారు రిటైరయ్యారు. ప్రోగ్రాం మాత్రం చెక్కు చెదరకుండా నడుస్తూ వచ్చింది.

నడవడం నడిచింది గాని, దాన్ని చదవడం ఎవరి తరమూ కాలేదు. అన్నీ పెద్దక్షరాలే, ఊపిరి తీసుకోవడానికి ఎక్కడా జాగా ఉండదు. నలభయ్యో వరుసకు పో, అక్కణ్ణుంచి రెండువందల పదికి పో, మళ్ళీ వెనక్కి పదిహేనుకు రా అంటూ చదివేవాణ్ణి కాలుగాలిన పిల్లిలా తిప్పుతుంది. అలాంటి పాత ప్రోగ్రాముల చిక్కు తీసి, దువ్వి, జడ వేసే పనిముట్టు ఒకటుంది. అదీ ప్రోగ్రామే. ఇటు పాతది పోస్తే అటునుంచి కొత్తది వస్తుంది. 'పో' లన్నీ మాయమై, చేయవలసిన పని వరసగా, ఒక మెట్టు కింద ఒక మెట్టుగా, మనిషి కంటికి ఆనేట్టు వస్తుంది. ఆఫీసులో దాన్ని సర్దుడు అంటారు. దాన్ని నడిపేది ఈ అల్లుడే, అతన్ని చీపురు అంటారు.

చీపురుకు ఆ పేరంటే కోపం లేదు. కోపం రావాలంటే ముందు మనసులో కొంత గర్వం ఉండాలి కదా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను సొంతంగా ఒక్క ప్రోగ్రామూ రాయలేదు. ఇతరులు రాసినవి దులిపాడు, తుడిచాడు, వరసలో పెట్టాడు. పెళ్ళయ్యాక మామగారే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లనూ పనినీ కలిపి ఇచ్చారని క్యాంటీనులో ఒక మాట పుట్టి, అది అతని జుట్టు నెరిసేదాకా బతికింది. ఉండేదీ మామగారి ఇంట్లోనే. ఎవరైనా నలుగురు చేరి నవ్వుకుంటున్నారంటే ఆ నవ్వు తన మీదేనని అతనికి ముందే సిగ్గు వేసేది. తీరా చూస్తే వాళ్ళు వేరే ఎవరి గురించో నవ్వుకుంటూ ఉండేవాళ్ళు, ఆ సంగతి తెలిశాక ఇంకో రకం సిగ్గు వేసేది.

ఆ రోజు ఉదయం మీటింగు. సర్దిన ప్రోగ్రాం ఒప్పుకుంటే, పాతదాన్ని కట్టగట్టి అటకెక్కిస్తారు. విభాగం హెడ్డు వచ్చి కూర్చుంది. ఆవిడ వయసులో చీపురు కంటే చాలా చిన్నది, తిన్నగా మాట్లాడే మనిషి, వంకలు పెట్టే రకం కాదు. గోడ మీద పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన వేయించింది.

"చాలావరకు కలిశాయి. గేట్లన్నీ మూసి ఉన్న రోజుల్లో మాత్రం తేడా వస్తోంది," అంది. "ఆ రోజుల్లో కూడా పాత ప్రోగ్రాం కాసిని నీళ్ళు కిందికి పోయినట్టు చూపిస్తోంది. కొత్తది సున్నా చూపిస్తోంది. ఏది కరెక్టు?"

అందరూ చీపురు వైపు తిరిగారు. పాత ప్రోగ్రాం ఎవరు రాశారో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. చూసి చెబుతానండీ అంటే సరిపోయేది. మామయ్యగారిని అడుగుతానండీ అన్నా సరిపోయేది, కాని ఆ మాట అనడమంటే తన కుర్చీ కింద ఎవరి చెయ్యి ఉందో మళ్ళీ అందరికీ చూపించడమే. చెంపలు వేడెక్కాయి. తను మామగారి మనిషి కాదని, పని విషయంలో బంధుత్వం చూడడని, ఒక్క దెబ్బతో తేల్చేయాలనిపించింది.

"గేట్లు మూసినా మా మామయ్యగారికి నీళ్ళు కనిపిస్తాయండీ," అన్నాడు.

గది గొల్లుమంది. వెనక వరుసలో టేపులూ డబ్బాలూ చూసుకునే గుమస్తా అయితే బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. హెడ్డు కూడా పెదవి బిగించుకుని నవ్వు ఆపుకుంది. ఇన్నేళ్ళలో ఆ గదిలో చీపురును చూసి నవ్వినవాళ్ళున్నారు గాని చీపురు మాటకు నవ్వినవాళ్ళు లేరు. అతనికి ఒళ్ళంతా తేలికయింది. తనకూ నాలుగు మాటలు వచ్చునే అనుకున్నాడు. అదీ అతని పొగరు, అతని జన్మకు అంతే.

"సరే అయితే. తేడా పాత ప్రోగ్రాంలో దోషం వల్లే అని ఒక ముక్క రాసివ్వండి. సాయంత్రం పై ఆఫీసుకు వెళుతున్నాను, నాతో తీసుకెళతాను," అంది హెడ్డు.

చీపురు రాసిచ్చాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

మధ్యాహ్నం కారియరు కడుక్కుని వస్తుంటే వరండా చివర టేపుల గుమస్తా ఫోనులో మాట్లాడుతూ కనిపించాడు. అతన్ని రేడియో అంటారు. ఏ వార్తయినా అతని చెవిలో పడ్డాక ఊరంతటికీ వినబడి తీరుతుంది. రేడియో మామగారి కాలం నాటివాడు, రోజూ భోజనమయ్యాక ఆయనకు ఫోను చేసి ఆఫీసు కబుర్లన్నీ చేరవేస్తాడు. ఇది చీపురుకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసి కూడా పొద్దున గుర్తు రాలేదు.

"కాదండీ, మీ అల్లుడే! నా రెండు చెవులా విన్నాను. గేట్లు మూసినా మీకు..." అంటూ రేడియో పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. చీపురు గోడకు అంటుకుపోయాడు. తల కొట్టేసినట్టయింది. వెళ్ళి ఫోను లాక్కోవాలనిపించింది, లాక్కుని ఏం చెప్పాలో తెలియలేదు. అవతలి వైపు మామగారు కూడా నవ్వుతున్నట్టున్నారు, రేడియో మరింత హుషారుగా మొదటినుంచీ మళ్ళీ చెబుతున్నాడు.

సీటుకు తిరిగొచ్చి పాత ప్రోగ్రామును కట్టగట్టే పని మొదలుపెట్టాడు. చేతులు పని చేస్తున్నాయి గాని బుర్ర మీటింగు దగ్గరే ఉంది. ఆ తేడా అంకెలను ఊరికే ఇంకోసారి చూశాడు. గేట్లు మూసిన ఒక రోజు, ఇంకో రోజు, ఏళ్ళ కిందటి మరో రోజు. అన్నిటికీ ఒకటే అంకె. తప్పయితే ఒక్కో రోజు ఒక్కోలా ఉండాలి. ప్రతిసారీ అంతే వచ్చిందంటే ఎవరో కావాలని పెట్టిన అంకె అది.

వెతికితే దొరికింది. గేట్లు తెరిచి ఉన్నప్పుడు వాటి నీళ్ళ లెక్క ప్రోగ్రాంలో గేటుకొకటి చొప్పున వరసగా గడుల్లో ఉంటుంది. ఒక్క గేటూ తెరవకపోతే మొదటి గడిలో ఒక చిన్న అంకె పడేట్టు మామగారు రాశారు. గేట్లు ఎంత బిగించినా అంచుల్లోంచి కారే నీళ్ళు! తర్వాత ఒక లూపు, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ తిరిగి చేసే ముక్క, ఆ గడులన్నీ కూడుతుంది. ఎన్ని గేట్లు తెరిచి ఉంటే అన్నిసార్లు తిరుగుతుంది. మరి గేట్లు సున్నా అయితే? పాత ఫోర్ట్రాన్ పద్ధతిలో లూపు ముందు లోపలికి వెళ్ళి ఒకసారి పని చేసేది, ఆ తర్వాతే ఎన్నిసార్లని చూసుకునేది. అందుకని సున్నా రోజున కూడా మొదటి గడి కూడికలోకి వచ్చేది. ఈ కాలం పద్ధతిలో గుమ్మంలోనే అడుగుతుంది, ఎన్నిసార్లని. సున్నా అంటే గుమ్మమే తొక్కదు.

ఈ సంగతి సర్దుడును తయారుచేసినవాళ్ళకు తెలియక కాదు. దానికోసం సర్దుడులో ఒక స్విచ్చు ఉంది. గోడ మీది స్విచ్చు లాంటిది కాదు, ఒక ఫైలులో అవును అనో కాదు అనో రాసిపెట్టే మాట. పాత పద్ధతిలో రాసిన లూపులు కనీసం ఒకసారి తిరగాలా? చీపురు ఆ ఫైలు తెరిచాడు. కాదు అని ఉంది. రాసింది తనే. ఏళ్ళ కిందట వేరే సెక్షను ప్రోగ్రాములు సర్దుతుంటే ఆ స్విచ్చు వల్ల ప్రతి లూపు దగ్గరా ఒక అదనపు షరతు వచ్చి చూపుకు అసహ్యంగా ఉండేది. శుభ్రంగా కనబడాలని ఆపేశాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు. మొన్న మామగారి ప్రోగ్రాం సర్దే ముందు కూడా తెరిచి చూడలేదు.

అవును అని మార్చి మళ్ళీ నడిపాడు. పాత లెక్కా కొత్త లెక్కా చివరి అంకె దాకా కలిశాయి.

ఆ తర్వాత అతను చేసిన పని గురించి చెప్పడానికి మనకే సిగ్గేస్తుంది. చుట్టూ ఒకసారి చూసి, అవును అన్నదాన్ని మళ్ళీ కాదు అని మార్చాడు. మామగారిదీ కొంత తప్పుందిగా అని సమాధానం చెప్పుకున్నాడు. కారే నీళ్ళను అలా దొంగదారిన కూడడమేమిటి, తిన్నగా కూడి ఉండొచ్చుగా అనుకున్నాడు. సమాధానం బాగానే ఉంది గాని మనసు ఒప్పుకోలేదు. కిటికీలోంచి చూస్తే హెడ్డు కారు దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. తను రాసిచ్చిన కాగితం ఆవిడ సంచిలో ఉంది. పరుగెత్తితే అందుతుంది.

పరుగెత్తాడు కూడా. మొదటి మలుపు దాకా దిగాడు. అక్కడ నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఒక మూల ఊడి వేలాడుతోంది. దాన్ని సరిగ్గా పెట్టి, పిన్ను గుచ్చి, నాలుగు మూలలూ చదును చేస్తుండగా కింద కారు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. అమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుతో చితికిపోయాడు. మెట్ల మీద ఎదురైనవాళ్ళు, "ఏం చీపురూ, ఇంకో జోకు లేదా?" అంటే నవ్వాడు కూడా.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఇంటికి చేరేసరికి గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఆఫీసులో నాన్న గురించి ఏమన్నారు మీరు?"

"ఏం? ఏమైంది?"

"మీ ఆఫీసు నుంచి రోజూ చేసే ఆయన ఫోను చేశారు. మాట్లాడినంతసేపూ నాన్న నవ్వుతూనే ఉన్నారు. పెట్టేశాక కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కూడా తినలేదు. అడిగితే ఆకలి లేదన్నారు. అప్పట్నుంచీ ఆ స్కేలు పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నారు."

"నేను మాట్లాడతాను," అన్నాడు. చెప్పులు ఎలా పడితే అలా విడిచి లోపలికి వెళ్ళాడు.

మామగారు అతన్ని చూడగానే ముఖానికి నవ్వు పులుముకున్నారు. "వచ్చారా. కూర్చోండి. రేడియో మోగాడు ఇవాళ. గేట్లు మూసినా నాకు నీళ్ళు కనిపిస్తాయటగా!"

"మామయ్యగారూ, అది..."

"బాగుందండీ. నేనూ నవ్వాను. మీలో ఇంత హాస్యం ఉందని ఇన్నాళ్ళూ తెలీనే తెలీదు." ఆయన స్కేలును మోకాలి మీద అటూ ఇటూ దొర్లించారు. "కాకపోతే మధ్యాహ్నం నుంచీ ఒకటే ఆలోచన. గేట్లు మూస్తే నీళ్ళెందుకు పెట్టాను? ఏ పరధ్యానంలో రాశాను? ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. నేను రాసిన వాటిల్లో ఇన్నాళ్ళు నడిచింది అదొక్కటే. అదీ తప్పే. అందరి ముందూ మీకు తలవంపులు తెచ్చాను, ఏమీ అనుకోకండి."

అల్లుడికి నేల చీలితే బాగుండుననిపించింది. ఈయన తనను తిట్టినా బాగుండేది. కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, మామగారి ముఖం వైపు చూడకుండా స్కేలు వైపు చూస్తూ చెప్పాడు.

"తప్పు మీది కాదు మామయ్యగారూ. గేట్లు బిగించినా అంచుల్లోంచి కొంచెం కారుతుంది. అది మీరు లెక్కలో వేశారు. సర్దిన ప్రోగ్రాం ఆ లూపులోకి వెళ్ళలేదు. అందుకే సున్నా వచ్చింది."

మామగారు కళ్ళు చిట్లించారు. తర్వాత ముఖమంతా విప్పారింది. "రబ్బరు పట్టీలు! ఆఁ! రబ్బరు పట్టీల దగ్గర కారేది! నేనే వెళ్ళానండీ. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, గేటు కింద బకెట్టు పెట్టి కొలిచాను. అది చూసి అక్కడి వాచ్‌మను, నీళ్ళు మోయడానికి వచ్చావా బాబూ అన్నాడు." ఆయన చిన్నపిల్లాడిలా నవ్వి, ఆ నవ్వుకు దగ్గు వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆగారు. "ఎలా మర్చిపోయాను? తప్పు కాదన్నమాట."

"కాదు. చివరి అంకె దాకా కలిసింది."

"కలిసిందా! ఎలా కలిసింది? దానికి స్విచ్చు ఒకటుండాలే. లూపు ఒక్కసారైనా తిరగాలి అనేది. సర్దుడు తెప్పించుకున్న కొత్తల్లో మీకు చెప్పాను కూడా."

"ఉందండీ. ఆపేసి ఉంది."

"ఎవరు ఆపారు?"

నేనే అనడానికి నోరు తెరిచాడు. వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది, ఆవిడ కూడా వింటోంది.

"కనుక్కోవాలండీ," అన్నాడు.

మామగారు అతని వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. సర్దుడును ఆ ఆఫీసులో ముట్టుకునేది ఒక్కడేనని ఆయనకు తెలియదా? కాసేపటికి తనే చూపు కిటికీ వైపు తిప్పుకుని, స్కేలు మెడ వెనక్కి పోనిచ్చి నెమ్మదిగా గోక్కున్నారు.

"ఎవరైతేనేం లెండి. రేపు వేసెయ్యండి. హెడ్డుకు చెప్పారా?"

"ఆవిడ వెళ్ళిపోయారండీ."

"రేపు చెబుదురు గాని. పనిలో అవన్నీ మామూలే." బయట గాలి మొదలై కిటికీ రెక్క కొట్టుకుంటుంటే ఆయన స్కేలును రెక్కకూ చట్రానికీ మధ్య దోపారు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. "మీరు కాళ్ళు కడుక్కురండి, భోంచేద్దాం. ఇప్పుడు ఆకలి వేస్తోంది."

అతను పెరట్లోకి వెళ్ళి పంపు తిప్పాడు. నీళ్ళు పాదాల మీద పడుతుంటే పెదవులు కదిపి అభ్యాసం చేశాడు. ఆపింది నేనే మామయ్యగారూ. ఆ జోకు కూడా పాడు జోకు. మిమ్మల్ని అడగకపోవడం నా బుద్ధి తక్కువ. ఒకసారి అనేశాక మిగతాది దానంతటదే వస్తుందనిపించింది. అన్నం ముందు కూర్చున్నాక చెప్పాలి. కాదు, అంతదాకా కూడా ఆగకూడదు, వెళ్ళగానే చెప్పాలి. సబ్బు కొంచెం ఎక్కువగానే రుద్దుకున్నాడు. పంపు కట్టేసి, తువ్వాలు తీగ మీద రెండంచులూ కలిసేలా ఆరేశాడు.

లోపల భార్య, "నాన్నా, వడ్డించాను," అంటోంది. తర్వాత "నాన్నా" అంది. మూడోసారి పిలిచిన పిలుపు వేరేగా ఉంది. అతను తడి కాళ్ళతోనే పరుగెత్తాడు.

మామగారు వాల్చిన తల వాల్చినట్టే ఉన్నారు. ముఖంలో ఇందాకటి నవ్వు కాస్త ఇంకా మిగిలి ఉంది. వీధి చివర ఉండే డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిద్రలోనే ఆగిపోయిందని, బాధ తెలిసి ఉండదని చెప్పాడు. భార్య తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. "మధ్యాహ్నం తినను కూడా లేదండీ," అని అతనితో అంది. ఒక్కసారే అంది, అతనికి అది చాలు.

ఇరుగుపొరుగు వచ్చారు. కుర్చీలు సరిపోక అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి రేడియో రొప్పుతూ వచ్చాడు. ఆయనను చూసి గోడ పట్టుకుని నిలబడిపోయాడు, కళ్ళు తుడుచుకున్నాడు. చీపురు అతని చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకెళ్ళాడు.

"మీకో మాట చెప్పాలి. ఆ లెక్కలో తప్పు మామయ్యగారిది కాదు, నాది. స్విచ్చు ఆపింది నేను. నేనే. పై ఆఫీసుకు వెళ్ళిన కాగితం అబద్ధం."

ఇన్నేళ్ళకు ఆ 'నేనే' నోట్లోంచి ఊడి పడింది. ఎంత తేలిగ్గా పడిందంటే, ఇందాక ఎందుకు పడలేదా అని అతనికి ఏడుపొచ్చింది. రేడియో అతని భుజం నిమిరాడు.

"ఊరుకోండి బాబూ. పెద్దవాళ్ళు పోయినప్పుడు అందరికీ ఇలాగే ఉంటుంది. అంతా మనవల్లే అయిందనిపిస్తుంది."

"అది కాదండీ. ఇది నిజం. లూపు ఒకసారైనా తిరగాలి, నేను తిరగనివ్వలేదు. మీరు ఆఫీసులో అందరికీ చెప్పండి. పొద్దున జోకు చెప్పినట్టే ఇదీ చెప్పండి."

రేడియోకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను టేపుల గుమస్తా, అతనికి లూపులేమిటి, స్విచ్చులేమిటి? అర్థమైందల్లా ఒక్కటే, మామగారు పోయిన పూట ఈ మనిషి తన మీద తనే ఏదో నింద వేసుకుంటున్నాడని. చుట్టూ చూసి, బహుశా జీవితంలో మొదటిసారి, గొంతు తగ్గించాడు.

"ఛ ఛ. దుఃఖంలో అన్న మాట నేను బయట అంటానా? నా కడుపులోనే ఉంటుంది. చచ్చినా ఎవరికీ చెప్పను, మీరు నిశ్చింతగా ఉండండి."

చీపురు అతని చెయ్యి వదిలేశాడు. ఇక చెప్పుకోవాలంటే తనే వెళ్ళి, ఆ గదిలో, ఆ నవ్విన ముఖాల ముందే నిలబడి చెప్పుకోవాలి. ఆ కబురు విని ఫోనులో నవ్వడానికి మాత్రం మామయ్యగారు ఇక లేరు.

గాలి పెద్దదయింది. ఇంట్లో తలుపులూ కిటికీలూ టపటపా కొట్టుకుంటుంటే ఎవరో అన్నారు, మూసి రమ్మని. అతను ఒక్కొక్కటే మూసుకుంటూ ముందుగదిలోకి వచ్చాడు. అక్కడ కిటికీ కొట్టుకోవడం లేదు. రెక్క సందులో పసుపు స్కేలు ఆయన దోపినచోటే, కాస్త వంకరగా ఉంది. సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రోజూ బొటనవేలు ఆనే చోట దాని మీద అంకెలన్నీ అరిగిపోయాయి, డెబ్బై రెండో గడి దగ్గర ఎర్ర గీత మాత్రం ఇంకా ఉంది.